పుర్రె బొమ్మ చూసి గిటార్ కొనకు తమ్మీ

పోయిన నెల మా ఊరి పిలగాడొకడు ఫోన్ చేసిండు. "అన్నా, 12 వేలు జమ చేసిన. మెటల్ వాయించే గిటార్ కావాలె. నెట్ల ఒకటి చూసిన. నల్లగున్నది, కొసలు కొడవలి లెక్క వంగినయ్, మీద పుర్రె బొమ్మ. సెకండ్ హ్యాండే. తీస్కోమంటవా?"

ఆ 12 వేలు ఎట్ల జమైనయో నాకు ఎర్కనే. వరికోతలప్పుడు ట్రాక్టర్ తోలిండు. కోతలు అయిపోయినంక వడ్ల సెంటర్ల బస్తాలు మోసిండు. "గిటార్ కడుపు నింపుతదారా" అని వాళ్ల నాయిన అడిగితే తలకాయ దించుకొని ఊకున్నడట. ఇప్పుడు ఆ గిటార్ కొన్న నెలకే మూలకు పడ్డదనుకో, ఇగ ఆ ఇంట్ల మళ్లా గిటార్ మాట ఎత్తే ధైర్యం వానికి ఉండది. అందుకే ఫోన్ల "చూసి తీస్కో తమ్మీ" అని పెట్టెయ్యబుద్ధి కాలే. అంత గిట్ల రాస్తున్న. వాని అసొంటోళ్లు ఇంక చాన మంది ఉన్నరు, చెల్లెండ్లు గూడ ఉన్నరు.

ముందుగాల నా సంగతి చెప్తె నమ్ముతరు. నేను గూడ కొమ్ములు చూసే పడిన. ఇంగ్లీషు వి అక్షరం ఉంటది సూడు, గట్లాంటి గిటార్. 9 వేలు. అమ్మినాయన మంచిగ సోఫాల కూసోబెట్టి చాయ్ తాగించిండు. సందెపొద్దు, రూంల లైటు గూడ సక్కగ లేదు. నేను గిటార్ పట్టుకొని అద్దంల నన్ను నేను చూస్కున్న, అంతే, పైసలు తీసి చేతుల పెట్టిన. ఇంటికొచ్చినంక ఎర్కైంది, నెక్కు మెలిపడ్డది. పై తీగలు కింద ఫ్రెట్లకు తగిలి గీ అంటున్నయ్, కింది తీగలు వేలు నొప్పి పుట్టేంత ఎత్తుల ఉన్నయ్. కూసోని వాయిద్దామంటే ఆ వి ఆకారం తొడ మీద నిలవది, జారిపోతది. రెండేండ్లు గోడకు తగిలేసి, ఉన్నదున్నట్టు చెప్పి 2 వేలకు అమ్మిన. 7 వేలు ఫీజు కట్టి నేర్చుకున్న పాఠం అనుకోండ్రి.

అసలు ఈ మెటల్ ఎక్కడ పుట్టిందో తెలిస్తే, గిటార్ కోసం లక్షలు ఉండాలన్న మాట దానంతటదే పోతది. ఇంగ్లండుల బర్మింగ్‌హామ్ అనే కార్ఖానాల ఊరు. ఆడ టోనీ అయోమీ అనే పిలగాడు రేకుల కార్ఖానాల పని చేసేటోడు. 17 ఏండ్లప్పుడు, కొలువుల ఆఖరి దినం, మెషీన్ల చెయ్యి పడి కుడి చేతి నడిమి వేలు, ఉంగరం వేలు కొసలు తెగిపోయినయ్. ఆయన ఎడమ చేతి వాటం మనిషి, అంటే తీగలు అదిమే చెయ్యే పాడైంది. డాక్టర్లు ఇగ గిటార్ మర్చిపొమ్మన్నరు. ఆయనేమో గిన్నెలు కడిగే సబ్బు డబ్బాను కరగబెట్టి, వేళ్ల కొసలకు తొడుగులు చేస్కొని, మీద తోలు ముక్క అతికించిండు. గట్టి తీగలు అదుమరాలేదు, సన్న తీగలు వేస్కున్నడు. తర్వాత తీగలను ఇంక లూజు చేసి, సప్పుడును కిందికి దింపిండు. 1970ల ఆయన బ్యాండు బ్లాక్ సబ్బత్ మొదటి ఆల్బమ్ వచ్చింది. ఆ రికార్డింగ్ల ముందు పట్టిన గిటార్ పికప్ పాడైతే, పక్కకు పెట్టుకున్న గిబ్సన్ ఎస్‌జీ తీసి వాయించిండు. హెవీ మెటల్ అని లోకం పిలిచే ఆ బరువు సప్పుడు గట్ల వచ్చింది. కూలోని చెయ్యి, దెబ్బతిన్న చెయ్యి, స్టెప్నీ గిటార్.

తర్వాత అమెరికాల ఎడ్డీ వాన్ హేలెన్ గూడ అంతే. ఫ్యాక్టరీల పక్కకు పడేసిన 50 డాలర్ల బాడీ, 80 డాలర్ల నెక్కు తెచ్చి, పాత గిబ్సన్ గిటార్‌ల ఉన్న పికప్ పీకి దీంట్ల పెట్టిండు. మన ఊర్ల మూడు బండ్ల సామాన్లు కలిపి ఒక మోపెడ్ చేస్తరు సూడు, గసొంటి పని. ఆ గిటార్ ఇప్పుడు లోకమంత ఫేమస్.

ఇగ అసలు ముచ్చట్లకు వద్దాం. మెటల్ సప్పుడు గిటార్ ఆకారంల ఉండది. జాతరల మైకు సెట్టు వాల్యూం ఫుల్లు తిప్పితే పాడేటోని గొంతు పగిలినట్టు, గరగర వస్తది సూడు. ఆంప్ తన తాకత్ కంటె ఎక్కువ సిగ్నల్ మింగినప్పుడు అలల కొసలు కత్తిరించినట్టయి ఆ గరగర పుడ్తది. దాన్నే కావాలని, అదుపుల పెట్టి వాడితే డిస్టార్షన్. మెటల్‌కు పానం గదే, అది పుట్టేది ఆంప్‌ల గాని, పెడల్‌ల గాని. మరి గిటార్ పనేంది? ఆంప్‌కు సాఫు సిగ్నల్ పంపుడు, శృతిల నిలబడుడు. డిస్టార్షన్ ఏం చేస్తదంటే, లోపటికి ఏది పోతే దాన్ని పదింతలు చేసి చూపిస్తది. నీ చెయ్యి మంచిగ ఆడితే అదీ పెద్దగ వినిపిస్తది, గిటార్‌ల గూయ్ మనే సప్పుడుంటే అదీ పెద్దగనే వినిపిస్తది.

ఆ గూయ్ మనే సప్పుడే పికప్ సంగతి. తీగల కింద ఉండే అయస్కాంతం, దాని చుట్టు వెంట్రుక అసొంటి రాగి తీగ చుట్ట, అదే పికప్. ఇనుప తీగ ఊగితే చుట్టల కరెంటు పుడ్తది. కని ఆ చుట్ట ఏరియల్ లెక్క గూడ పని చేస్తది. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటిటు ఊగుతది గదా, ఇంట్ల ట్యూబ్‌లైటు, ఫ్యాను, స్టార్టర్ అన్నిట్ల నుంచి ఆ ఊగుడును పట్టుకొస్తది. ఒక్క చుట్టే ఉంటే దాన్ని సింగిల్ కాయిల్ అంటరు. మామూలు పాటలకు సింగిల్ కాయిల్ ముద్దుగ పలుకుతది, మెటల్‌కు మాత్రం తేనెటీగల తుట్టె కదిపినట్టుంటది. 1955ల గిబ్సన్ కంపెనీల సేత్ లవర్ అనే ఇంజినీరు రెండు చుట్టలు పక్కపక్కన, ఒకదానికొకటి ఉల్టాగ చుట్టి, అయస్కాంతాలను గూడ ఉల్టాగ పెట్టిండు. కరెంటు గూయ్ ఒక చుట్టల ఇటు, ఇంకో చుట్టల అటు వచ్చి రెండూ కొట్టుకొని పోతయ్, తీగ సప్పుడు మాత్రం జమైతది. గదే హంబకర్. గుర్తు పట్టుడు అలక: సింగిల్ కాయిల్ వేలంత సన్న పట్టీ, హంబకర్ దానికి రెండింతల వెడల్పు. బ్రిడ్జి కాడ, అంటే చెయ్యి ఆనిచ్చి కొట్టే కాడ, హంబకర్ ఒక్కటి తప్పకుండ ఉండాలె. మిగిలినవి ఏమున్నా నడుస్తది. మెటల్‌ల పని అంత ఆ బ్రిడ్జి పికప్ మీదనే.

పికప్ చిన్నగ ఉన్నా, సప్పుడు జర తక్వ పలికినా పరేషాన్ కాకు. పికప్ మార్చొచ్చు, ఇవ్వాళ కాకపోతే రెండేండ్లకు. నెక్కు మార్చుడు మాత్రం అంత అలక కాదు. అందుకే గిటార్ చేతికి రాంగనే రంగు చూడకు, నెక్కు చూడు.

ఊర్ల వడ్లాయన దూలం కొనేటప్పుడు ఏం చేస్తడు? ఒక కన్ను మూసి, కొస కాడ నుంచి ఆ కొస దనుక చూస్తడు. అచ్చం గట్లనే. తల దిక్కు నుంచి బాడీ దిక్కు ఒక్క కన్నుతోని చూడు. ఫ్రెట్లన్ని ఒకదాని వెనుక ఒకటి, రైలు పట్టాల కింది చెక్కల లెక్క, ఒక్క తీరు అడ్డంగ కనపడాలె. తల కాడి ఫ్రెట్లు ఒక దిక్కు వంగి, బాడీ కాడియి ఇంకో దిక్కు వంగి కనపడ్డయా, అది మెలి. మెలిపడ్డ నెక్కు ఉత్తగిచ్చినా ఆలోచించాలె. నా 9 వేలు పోయింది గాడనే.

వంగుడు వేరే. తీగలు గుంజీ గుంజీ నెక్కు విల్లు లెక్క జర వంగుతది, అది కొంత కావాలె గూడ. ఎంత ఉన్నదో చూస్కునే ఉపాయం ఉన్నది. మొదటి ఫ్రెట్ కాడ లావు తీగను ఒక వేలుతోని అదుము, నెక్కు బాడీకి కలిసే కాడ ఇంకో చేత్తోని అదుము. నడుమ తీగ స్కేల్ పెట్టి గీసినట్టు సీదగ అయితది. ఏడో, ఎనిమిదో ఫ్రెట్ కాడ తీగకు ఫ్రెట్‌కు నడుమ సందు చూడు. విజిటింగ్ కార్డు దూరేంత, లేకుంటే ఇంక జర తక్వ ఉంటే మంచిగున్నట్టే. ఏటీఎం కార్డు దూరేంత ఉంటే ఎక్వ వంగింది. అసలు సందే లేకుండ అంటుకుంటే ఉల్టా వంగింది. ఈ రెండూ బాగైతయ్. నెక్కు లోపట ఇనుప కడ్డీ ఉంటది, ట్రస్ రాడ్ అంటరు. తల కాడనో, బాడీ కాడనో చిన్న ఎల్‌ తాళం పెట్టి తిప్పుతరు. పావు చుట్టు తిప్పి, ఒక దినం ఆగి చూడాలె. సైకిల్ నట్టు లెక్క బిగియ్యనీకి పోతే ఇరుగుతది. కొనే కాడ ఒక్కటి అడుగు, "అన్నా, ట్రస్ రాడ్ తిరుగుతదా?" ఆయన ముఖం చూస్తేనే సగం సమజైతది. ఆయన ఒప్పుకుంటే ఆయన తోనే జరంత తిప్పించు. నట్టు అరిగి తాళం ఉత్తగ తిరిగితే వద్దను.

వానకాలంల మన తలుపు ఉబ్బి చౌకట్టుకు పట్టేస్తది, ఎండకాలం మళ్ల లూజైతది. గిటార్ గూడ కట్టెనే గదా. రేకుల ఇంట్ల మే నెలల ఒక తీరు, ఆగస్టుల ఒక తీరు ఉంటది. ఏడాదికి ఒకటి రెండు సార్లు ఈ కడ్డీ పని పడ్తది, దానికి ఫికర్ చేసుడు అక్కర్లేదు.

నెక్కు తర్వాత ఫ్రెట్లు. మొదటి మూడు నాలుగు ఫ్రెట్ల మీద తీగ కింద గుంటలు పడ్డయా చూడు. సన్న గీతలుంటే నడుస్తది. గోరు పెడితే ఆగేంత లోతుంటే ఆ గిటార్ మస్తు వాయించిండ్రు అన్నట్టు, ఫ్రెట్లు సాఫు చేయించాలె, అది పట్నంల వేలల్ల పని. తర్వాత ఓపిక పట్టి ఆరు తీగలు, అన్ని ఫ్రెట్లు, ఒక్కొక్కటి కొట్టు. అమ్మేటోడు నవ్వితే నవ్వనియ్. ఎక్కడన్న సప్పుడు టప్ మని చస్తున్నదా, ఒకే సప్పుడు రెండు ఫ్రెట్లల వస్తున్నదా చూడు. పన్నెండో ఫ్రెట్ పైన సన్న తీగలను పక్కకు గుంజి చూడు, నడిమిట్ల సప్పుడు ఆగిపోతే ఫ్రెట్లు ఎత్తు వంపులున్నట్టు.

ఫోన్ల ట్యూనర్ యాప్ ఉత్తగ దొరుకుతది. ఒక్కో తీగను శృతి చెయ్యి, మళ్ల అదే తీగను పన్నెండో ఫ్రెట్ కాడ అదిమి కొట్టు. యాప్‌ల అదే అక్షరం రావాలె, ముల్లు నడిమిట్లనే ఉండాలె. జర అటిటుంటే బ్రిడ్జి కాడ చిన్న స్క్రూతోని సరి చేస్తరు. స్క్రూ ఆఖరి దాక పోయినా సరి కాలేదంటే మాత్రం వదిలెయ్. తర్వాత ఐదు నిమిషాలు గట్టిగ వాయించి, తీగలు గుంజి, మళ్ల శృతి చూడు. మన డప్పును మంటకు కాచి సప్పుడు తెచ్చుకుంటరు, చల్లారితే మళ్ల కాస్తరు. గిటార్‌ను గంటకు నాలుగు సార్లు కాస్తుంటే వాయించేదెప్పుడు?

ఈడనే బ్రిడ్జి మాట. నీకు ఎవరన్న "ఫ్లాయిడ్ రోజ్ ఉన్నది, తీస్కో" అని గొప్పగ చెప్తరు. తీగలను నట్ కాడ తాళం వేసినట్టు బిగించి, బ్రిడ్జిని స్ప్రింగుల మీద తేలిచ్చి, కడ్డీ పట్టుకొని సప్పుడును పాతాళానికి దింపి మళ్ల లేపే సామాను అది. మంచిదైతే మస్తుంటది. సస్తా నకలుదైతే అది ఆనే అంచులు అరిగి, ఒక్కసారి కడ్డీ నొక్కితే మళ్ల శృతికి రాదు. ఒక తీగ తెగితే మిగిలిన ఐదు గూడ శృతి తప్పుతయ్, ఎందుకంటే స్ప్రింగులకు తీగలకు నడుమ తూకం పోతది. ఒక్క తీగను కిందికి దింపి డ్రాప్ డీ పెట్టుకుందామన్నా గదే గోస. నేర్చుకునేటోనికి కదలని బ్రిడ్జి, అదే ఫిక్స్‌డ్ బ్రిడ్జి, దేవుడిచ్చిన వరం. ఒకవేళ దొరికిన మంచి గిటార్‌కు మామూలు కడ్డీ బ్రిడ్జి ఉంటే, వెనుక మూత ఇప్పి స్ప్రింగుల స్క్రూలు బిగిస్తే బ్రిడ్జి బాడీకి ఆనుకొని కదలకుండ ఉంటది. ఆ ఉపాయం యాదుంచుకో. ఫ్లాయిడ్ రోజ్ మాత్రం మొదటి గిటార్‌కు వద్దే వద్దు, ఈ మాట మీద నాతోని ఎవరు కొట్లాడినా సరే.

కరెంటు సామాను చూసుడు తొందరగ అయిపోతది. ఆంప్‌కు తగిలియ్యి. నాబ్‌లు తిప్పితే కర్రకర్ర అంటే దుమ్ము, స్ప్రే కొడితే పోతది. కేబుల్ పెట్టే జాక్ లూజైతే 50 రూపాయల సామాను, టంకం పెట్టేటోడు చాలు. చిన్న స్క్రూ డ్రైవర్‌తోని పికప్ మీద మెల్లగ తట్టు, టక్ టక్ మని రావాలె. రాకుంటే పికప్ చచ్చింది, దాని ధర తగ్గించుకో. కొన్నిట్ల యాక్టివ్ పికప్‌లుంటయ్, వాటికి వెనుక 9 వోల్టుల బ్యాటరీ ఉంటది. సప్పుడు నీరసంగ వస్తే ముందుగాల బ్యాటరీ మార్చి చూడు. వాయించినంక కేబుల్ పీకెయ్, పెట్టి ఉంచితే బ్యాటరీ తాగుతనే ఉంటది. ఇంకొకటి, తల వెనుక, నట్ కాడ, వేలు పెట్టి తడుము. తల వెనుకకు వంగి ఉండే లెస్‌పాల్, ఎస్‌జీ తీరు గిటార్లు కింద పడితే గక్కడనే ఇరుగుతయ్. అతికించి రంగు వేసి అమ్ముతరు. మంచిగ అతికితే వాయించనీకి ఇబ్బంది లేదు, కని ధర సగమే ఇయ్యాలె.

"ఏ కంపెనీ అన్నా?" అని అడుగుతరని తెలుసు. మన దిక్కు సెకండ్ హ్యాండ్‌ల ఎక్వ తిరిగేటివి ఇబానెజ్ జీయో, జాక్సన్ జేఎస్, ఎల్‌టీడీ 10 సిరీస్, కోర్ట్ ఎక్స్, యమహా పసిఫికా 012, ఎపిఫోన్ లెస్‌పాల్ స్పెషల్. పసిఫికాకు కొమ్ములుండయ్, పెండ్లి బ్యాండోని గిటార్ లెక్క ఉంటది, కని బ్రిడ్జి కాడ హంబకర్ ఉన్నది, దాంతోని మెటల్ బరాబర్ వస్తది. ఇండ్లల్ల మంచి పీసులున్నయ్, పాడైన పీసులున్నయ్. పేరు చూసి కాదు, చేతుల ఉన్న పీసును చూసి కొను. నా లెక్క ఒకటే, కొత్తదాని ధరల 60 శాతం దాటి ఇయ్య. ఇగ 15 వేలకు గిబ్సన్ అని ఎవరన్న చూపిస్తే అది గిబ్సన్ కాదు, ఇంకేం సోంచాయించకు. తల మీద చిన్న గంట ఆకారం మూత ఉంటది, అసలు దానికి రెండే స్క్రూలు, నకలు వాటికి చాన సార్లు మూడు ఉంటయ్.

పొడుగు గూడ చూడాలె. నట్ నుంచి బ్రిడ్జి దనుక తీగ పొడుగు కొన్నిట్ల 25.5 ఇంచులు, లెస్‌పాల్ తీరు వాటిల్ల 24.75. ముప్పావు ఇంచు తేడా అంతే. కని శృతి కిందికి దింపినప్పుడు పొడుగు దాంట్ల తీగ బిగువుగ ఉంటది, పొట్టి దాంట్ల బట్టలారేసే దండెం లెక్క వేలాడుతది. పొట్టిదే దొరికితే జర లావు తీగలు వెయ్యి.

ఇప్పుడు 12 వేల లెక్క చెప్త. చాన మంది తప్పు ఈడనే చేస్తరు. 12 వేలు గిటార్‌కే పెట్టి, ఇంటికి తెచ్చి, ఆంప్ లేక ఉత్తగ టింగు టింగు మనిపిస్తరు. లేకుంటే ఇంట్ల హోం థియేటర్‌కు, డీజే బాక్సుకు తగిలిస్తరు. డిస్టార్షన్ పెడల్ పెట్టి డీజే బాక్సుల వింటే రేకు మీద మేకు గీకినట్టుంటది. ఎందుకంటే గిటార్ స్పీకర్ సన్న సప్పుళ్లను మింగేస్తది, డీజే బాక్సు అన్నిటినీ బయటికి కక్కుతది. నువ్వు రికార్డుల వినే మెటల్ సప్పుడు ఆ మింగుడు అయినంక మిగిలిందే. అందుకే 8 వేలు దాటకుండ గిటార్ చూడు. 3 వేలల్ల పాత 10 వాట్ల ఆంప్ దొరుకుతది, ఇంట్లకు అదే ఎక్వ. ఆంప్ వద్దనుకుంటే జూమ్ జీ1 ఫోర్ అసొంటి చిన్న మల్టీ ఎఫెక్ట్ డబ్బా, పాతది, దానికి ఇంక వెయ్యో రెండు వేలో ఎక్వైతది. లోపట ఆంపులు, స్పీకర్ల నకలు అన్ని ఉంటయ్, ఇయర్‌ఫోన్ పెట్టుకోవచ్చు, నాలుగు పెన్సిల్ సెల్లుల మీద నడుస్తది. కరెంటు పోయినా, అర్ధరాత్రైనా వాడకట్టోళ్లతోని లొల్లి లేదు. కంప్యూటర్ ఉన్నోళ్లకు న్యూరల్ ఆంప్ మోడలర్ అనే సాఫ్ట్‌వేర్ ఉత్తగనే ఉన్నది, కని గిటార్ సిగ్నల్ లోపటికి పంపనీకి ఆడియో ఇంటర్‌ఫేస్ డబ్బా కావాలె. మిగిలిన వెయ్యి కొత్త తీగలకు, కేబుల్‌కు. పాత గిటార్ మీది తుప్పు తీగలు తెచ్చిన దినమే తీసెయ్, 10–46 సెట్టు అడుగు.

ఆంప్ కొనే ముందు ఇంట్ల ప్లగ్గు చూస్కో. ఇది ఉత్త మాట కాదు, పానం సంగతి. గిటార్ తీగలు బ్రిడ్జి నుంచి, కేబుల్ నుంచి ఆంప్ డబ్బాకు కలిసి ఉంటయ్. ఆంప్ డబ్బా ప్లగ్గుల మూడో పిన్నుకు, అదే ఎర్తుకు కలుస్తది. మన ఊర్లల్ల ఎన్ని ఇండ్లల్ల మూడో పిన్నుకు వైరు నిజంగ ఉన్నది? సాకెట్‌కు మూడు రంధ్రాలుంటయ్, వెనుక రెండే వైర్లు. ఆంప్‌ల ఏదన్న వైరు తెగి డబ్బాకు తగిలితే ఆ కరెంటు సీద నీ తీగలకు, నీ వేళ్లకు వస్తది. 1972ల స్వాన్సీ అనే ఊర్ల లెస్ హార్వే అనే గిటారిస్ట్ స్టేజి మీద ఒక చేత్తోని గిటార్, ఇంకో చేత్తోని ఎర్తు లేని మైకు పట్టుకొని షాకుతోని చచ్చిపోయిండు. తీగ ముట్టుకుంటే గూయ్ తగ్గితే అది మామూలే. ముట్టుకుంటే చురుక్కుమంటే, టెస్టర్ పెడితే లైటు వెలిగితే, ఆంప్ బంద్ చేసి కరెంటాయనను పిలువు. బోరు మోటర్‌కు ఎర్తు ఎట్ల వేస్తరో ఇంటికి గూడ గట్ల వేయించు. మూడో పిన్ను విరగ్గొట్టి ప్లగ్గు పెట్టే అలవాటు మానుకో. తడి నేల మీద ఒట్టి కాళ్లతోని వాయించకు.

కొనే కాడికి వస్తే, ఇంజినీరింగ్ హాస్టళ్లు ఖాళీ అయ్యే ఏప్రిల్, మే నెలలు మంచి టైము. కొలువులకు పోయేటోళ్లు, మోజు తీరినోళ్లు గిటార్లు దింపుకుంటరు. నా రెండో గిటార్, ఇప్పటికీ వాయించేది, గట్ల ఫైనల్ ఇయర్ పిలగాని కాడ తీస్కున్నదే. ఒట్టి నల్లది, మీద ఏ బొమ్మా లేదు. నెట్ల చూసి కొంటే, పోయి చూడకుండ ఒక్క రూపాయి పంపకు. "నేను మిలిటరీల ఉన్న, ట్రాన్స్‌ఫర్ అయింది, పార్సిల్ చేస్త, సగం ముందు పంపు" అన్నోడు గిటార్ అమ్మేటోడు కాదు. నువ్వు ఏదన్న అమ్మేటప్పుడు, "పైసలు వేస్త, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చెయ్యి" అంటే గూడ నమ్మకు, పైసలు వచ్చేటందుకు పిన్ను కొట్టుడు ఎప్పుడూ ఉండది. పోయినయనుకో, సిగ్గుపడి ఊకోకు, అప్పటికప్పుడే 1930కి ఫోన్ చెయ్యి.

పగటిపూట పో. ఆయనకు ఆంప్ లేదంటే, దగ్గర్ల మ్యూజిక్ షాపుల కలుద్దామను. దానికీ ఒప్పుకోకుంటే, సప్పుడు వినని గిటార్ కిందనే లెక్క కట్టి ధర అడుగు. వాయించనొచ్చే దోస్తు ఉంటే వెంట తోల్కపో. నీకు రాకున్నా పర్వాలేదు, పైన చెప్పినయి వాయించరానోడు గూడ చూడొచ్చు. తప్పులు దొరికితే గొడవ పెట్టుకోకు, మెల్లగ ఒక్కొక్కటి చూపించి, "దీనికి గింత ఖర్చైతది అన్నా" అని తగ్గించుకో. బర్రెల సంతల మీ తాత ఎట్ల బేరం చేసిండో యాదికి తెచ్చుకో. పండ్లు చూడకుండ, నడిపించకుండ బర్రెను కొన్నడా?

మన కాడ గీ మెటల్ వినేదెవరని కొంత మంది నవ్వుతరు. 2011 అక్టోబర్‌ల మెటాలికా బెంగళూరు వచ్చినప్పుడు మన దిక్కు నుంచి రైళ్లు ఎక్కి పోయినోళ్లున్నరు. నేను పోలే, టికెట్ పైసలు లేవ్. హైదరాబాద్, బెంగళూరు పిల్లలు కలిసి గాడ్‌లెస్ అని డెత్ మెటల్ బ్యాండు నడుపుతున్నరు. ఢిల్లీ బ్లడీవుడ్ వాళ్లు మెటల్‌ల ఢోలు కలిపి 2019ల జర్మనీ వాకెన్ పండుగల వాయించొచ్చిండ్రు. ఢోలు అంత దూరం పోయినప్పుడు డప్పు ఎందుకు పోవద్దని నాకు చాన దినాల సంది ఒక ఆశ. అది వేరే ముచ్చట, ఇంకోసారి.

ఫోన్ చేసిన పిలగాడు ఆ పుర్రె గిటార్ అమ్మేటోన్ని నెక్కు ఫొటో, బ్రిడ్జి ఫొటో పంపుమని అడిగిండట. రెండు దినాలైంది, పంపలే. వరంగల్‌ల ఇంకొకటి దొరికింది, ఎర్ర ఇబానెజ్, కదలని బ్రిడ్జి, ఒక మూలకు రంగు లేచిపోయింది. 9 వేలు చెప్తున్నడు. ఆదివారం పొద్దుగాల బస్సుకు పోతున్నడు. జేబుల ఒక విజిటింగ్ కార్డు, చిన్న స్క్రూ డ్రైవర్ పెట్టుకొమ్మన్న. ఏడున్నర వేల కాడ బేరం ఆపుమన్న.